తంగేడు వగరు తాగిన కథ

ఒకప్పుడు తంగేడాకు తియ్యగా ఉండేది. ఎంత తియ్యగా అంటే, దాని ముందు చెరకు కూడా తల దించుకునేదట. రుచి చూసినవి మేకలే కాబట్టి వాటి మాటే నమ్మాలి.

తియ్యగా ఉంటే మంచిదేగా అంటారా? తియ్యటిదానికే తిప్పలన్నీ. తెల్లారితే చాలు, మేకలన్నీ గుట్ట కింద తంగేడు చుట్టూ చేరేవి. "అక్కా, బాగున్నవా?" అని అడుగుతూనే చిగురు కొరికేవి. మొగ్గ కనిపిస్తే మరీ ఇష్టం. అది విచ్చుకునేదాకా ఆగే ఓపిక మేకకెక్కడిది!

అందుకే తన పువ్వు ఏ రంగో తంగేడుకే తెలియదు. మోదుగు ఎర్రగా పూసేది. గునుగు తెల్లగా పూసేది. "నీదే రంగు?" అని అవి అడిగితే తంగేడు ఏం చెప్తుంది? పువ్వు లేకపోతే కాయ లేదు. కాయ లేకపోతే విత్తు లేదు. ఆ చుట్టుపక్కల మిగిలిన తంగేడు అదొక్కటే. అది పోతే తంగేడు జాతే పోతుంది. ఆ సంగతి తలుచుకుంటే దానికి గుండె జారిపోయేది.

ఒకనాడు తెల్లచెవుల మేకను బతిమాలింది. "చెల్లె, ఈ ఒక్క మొగ్గ వదిలిపెట్టు. పూసినంక నా పువ్వును సూస్కుంట."

"వదిలేద్దునే అక్కా. కానీ ఇంటికాడ పిల్లలున్నయ్. నేను తినకుంటే వాటికి పాలెట్లొస్తయ్?" అంది మేక, నమలడం ఆపకుండానే.

మేక చెప్పింది అబద్ధం కాదు. ఆకలికి ఎవరు అడ్డం చెప్తారు?

గుట్ట పక్కనే తోళ్లు పదునుచేసే కొమురవ్వ లంద ఉండేది. లంద అంటే తోళ్లు నానబెట్టే తొట్టి. తుమ్మచెక్క, అంటే తుమ్మ బెరడు, దంచి నీళ్లలో వేసి, అందులో తోళ్లు నానేస్తే అవి కుళ్లిపోకుండా గట్టిపడతాయి. పనయ్యాక ఆ వగరు నీళ్లను కొమురవ్వ దూరంగా రాళ్ల మీద పారబోసేది. ఏ చెట్టు మొదట్లోనూ పోయకూడదని వాళ్ల ఇంటి కట్టుబాటు.

ఒకసారి ఓ మేక దాహానికి లందలో మూతి పెట్టింది. మరుక్షణం నాలుక బయటేసి, తుమ్ముకుంటూ ఒకటే పరుగు. తంగేడు అది చూసింది.

"అవ్వా, ఆ నీళ్లు నా మొదట్ల పొయ్యవా?"

కొమురవ్వ నెత్తి మీది కుండ దించింది. "పిచ్చిగిట్ల లేసిందా బిడ్డా? గివి లంద నీళ్లు. ఏర్లు మాడిపోతయ్."

"మాడితే మాడనియ్."

"బతికినా ఒళ్లంత వగరెక్కుతది. మల్ల ఒక్క మేక గూడ నీ దిక్కు సూడదు. అక్కా అని పిల్శెటోళ్లుండరు. ఆలోచన జేస్కో."

తంగేడు ఆలోచించింది. మేకలు కొరికేవి, నిజమే. కానీ రోజూ పలకరించేవి కూడా అవే. గుట్ట కింద దానికి వేరే చుట్టాలెవరున్నారు? దుఃఖం పొంగుకొచ్చింది. అయినా అంది, "పొయ్యవ్వా."

కొమురవ్వ పోసింది. ఆకులు వాడాయి, రాలిపోయాయి. తంగేడు మోడై నిలబడింది. "సెప్తె ఇన్నదా ఇది!" అని కొమురవ్వ తిట్టింది. తిడుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది.

వానలు పడ్డాయి. మోడు చిగురించింది. తెల్లచెవుల మేక ఎగురుకుంటూ వచ్చి, "అక్కా, బతికే ఉన్నవా!" అని సంబరంగా ఓ రెమ్మ కొరికింది. అంతే, మూతి ముడుచుకుపోయింది. థూ అని ఉమ్మి, "నువ్వు మా అక్కవే కాదు" అని వెళ్లిపోయింది. తంగేడు వెనక్కి పిలవలేదు. ఏం పెడతానని పిలుస్తుంది?

మొగ్గ వేసింది. ఎవరూ కొరకలేదు. మొగ్గ ఉబ్బింది, విచ్చుకుంది. పసుపు! కొమ్మకొమ్మకూ పసుపు ముద్దలు పెట్టినట్టు పూసింది. తంగేడు తనను తానే చూసుకుని మురిసిపోయింది.

కొమురవ్వ నోటి మీద చెయ్యేసుకుంది. "ఇంత సక్కదనం కడుపుల దాసుకున్నవా!" అంటూ దగ్గరికొచ్చి, గాలికి విరిగిన కొమ్మ చెక్క ఒకటి నమిలి చూసింది. తుమ్మచెక్క దీని ముందు దిగదుడుపే. "బిడ్డా, నా లందకు జర నీ చెక్క ఇస్తవా?"

"కాయలు రాలినంక కోస్కో అవ్వా. మొదలు మాత్రం ఉంచు, మల్ల మొలుస్త."

మేక నోరు తప్పించుకుని కత్తికి చిక్కిందని మోదుగు నవ్వింది. నవ్వితే నవ్వనీ. మేక ఆగమంటే ఆగలేదు. కొమురవ్వ కాయలు రాలేదాకా ఆగింది, మొదలు ఉంచి కోసింది.

అప్పటినుంచే తంగేడాకు మేకకు చేదు. తోళ్లు పదునుచేసేవాళ్లు తంగేడు చెక్క వెతుక్కుంటూ వెళ్తారు. గడ్డి మాడిపోయిన గుట్ట మీద ఆకలిగొన్న మంద తలతిప్పుకుని పోతుంటే, తంగేడు పసుపుపచ్చగా పూసి నిలబడుతుంది. దాని పక్కనే ఇంకో తంగేడు, దాని పక్కన ఇంకోటి.