పెంచలయ్య అడిగిన ఎరుపు

అనగా అనగా, మీ తాతలకు తాతలు ఉయ్యాల్లో ఊగే రోజులనుకోండి, ఇంకా ముందనుకోండి, పెన్న ఒడ్డున ఒక పెద్ద నేతబడి ఉండేది. చిన్నపిల్లల బడి కాదది. ఇంట్లో మగ్గం ఆడించడం వచ్చినవాళ్లు పైచదువు కోసం వచ్చే బడి. మొదటి ఏడు గీత, రెండో ఏడు నేత, మూడో ఏడు అద్దకం, రంగుల నేత. మూడూ నెగ్గినవాళ్లకు బడిలోనే ఒక మగ్గం ఇచ్చేవాళ్లు. "మగ్గానికి కూడా పైచదువేందబ్బా" అని ఊళ్లోవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వుతూనే తమ పిల్లల్ని పంపేవాళ్లు.

ఆ బడికి పెంచలయ్య వచ్చాడు. వాళ్లమ్మ ఇంటింటికీ తిరిగి నూలు కండెలు చుట్టేది. కొడుక్కి బడిలో మగ్గం రావాలని ఆమె కోరిక. కొడుక్కి అంతకంటే పెద్ద కోరిక. గీతలో వాడి చేతికి తిరుగులేదు. నేతలో వాడి ఓపికకు సాటిలేదు. అద్దకం దగ్గరే వచ్చింది చిక్కంతా.

పెంచలయ్యకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా కనపడదు. పుట్టుకతోనే అంత. పండుమిరపకాయను వేళ్లతో నొక్కి పోల్చుకునేవాడు. లోకమంతా అట్లాగే పోల్చుకుంటుందనుకున్నాడు పాపం. తన ఒక్కడి సంగతే అలాగని తెలిసేసరికి బడిలో చేరిపోయాడు. మొదటి రెండేళ్లూ రంగులతో పని లేదు కాబట్టి బండి నడిచింది. చెబితే ఇంటికి పంపేస్తారని మెదలకుండా ఊరుకున్నాడు.

మూడో ఏడు మొదటిసారి మామిడాకుల అంచు నేశాడు. ఆకులన్నీ ఎర్రగా వచ్చాయి. గురువు కనకాంబమ్మ అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "లేత చిగుళ్లనుకుందాంలే. ఈసారి కళ్లు పెట్టి చూడు నాయనా" అంది.

రెండోసారి చిలకల కోక నేశాడు. చిలకలు ఎర్రగా, ముక్కులు ఆకుపచ్చగా వచ్చాయి. బడి బడంతా పడీపడీ నవ్వింది. వాడూ నవ్వాడు, ఏం చేస్తాడు మరి. "కళ్లు పెట్టి చూడు నాయనా" అంది గురువు.

మూడోసారి అమ్మవారి జాతర చీర. ఎర్రంచు ఉండాల్సిన చీర కాస్తా ఆకుపచ్చ అంచుతో మగ్గం దిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"కళ్లు పెట్టి చూడవా నాయనా?" అంది గురువు.

"చూస్తానే ఉండానమ్మా," అన్నాడు పెంచలయ్య. "కనపడితే గదా. నాకు రెండూ ఒకటే."

చెప్పేశాడు. చెప్పాక ఏడుపొచ్చింది, ఏడ్చాడు. కనకాంబమ్మ ఆ చీరను మడిచి పక్కన పెట్టింది.

"రంగు తెలీనోడికి ఈ బడిలో మగ్గం లేదురా. రేపు బండి వస్తది, ఎక్కు" అంది చివరికి. ఆమెకూ బాధగానే ఉంది. కానీ బడి ఆమె ఒక్కదానిది కాదు కదా.

మర్నాడు వాడు మూట కట్టుకుని, రంగునూలు ఆరేసిన దండెం కింద కూర్చున్నాడు. వాడితోపాటు చదివే నాంచారమ్మ, పక్క మగ్గం పిల్ల, వచ్చి దగ్గర కూర్చుంది.

"నాంచారమ్మా, బండి వచ్చేలోగా ఒక్కటి చెప్తావా? ఎరుపంటే ఎట్టుంటది?"

"ఎర్రగా ఉంటది."

"ఎర్రగా అంటే?"

"ఎర్రగా అంటే ఎరుపేనబ్బా."

"ఏ ఎరుపు?"

నాంచారమ్మ బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న ఎరుపే మరి. లేచి దండెం మీది నూలు దగ్గరికెళ్లింది. "ఇదేమో వానకు తడిసిన ఇటుక మాదిరి ఉంది. ఇదేమో జాంపండు లోపలి మాదిరి ఉంది" అని ఆగిపోయింది. "అయ్యో, రెండూ ఒకటే ఎరుపని నేనే కలిపి ఆరేశానే."

అది అమ్మవారి కొత్త చీరకని అద్దిన నూలు. కలిపి నేసుంటే అంచంతా చారలు పడేవి. కనకాంబమ్మ వచ్చి చూసి, దేనికది వేరు చేయించింది. మెచ్చుకోవడం ఆమె నోటికి అలవాటు లేని పని. "జాతర అయ్యేదాకా ఉండు" అంది పెంచలయ్యతో.

ఉన్నవాడు ఊరుకున్నాడా. కనపడినవాళ్లనల్లా అడగడం మొదలుపెట్టాడు. ఏ ఎరుపు? ఏ ఆకుపచ్చ? ఒకరు కోడిజుట్టు ఎరుపన్నారు. ఒకరు వరినారు ఆకుపచ్చ అన్నారు. వాడికి చెప్పాలంటే ముందు వాళ్లు సరిగ్గా చూడాలి. చూడగా చూడగా వాళ్లు అద్దే రంగులు కూడా తేటపడ్డాయి. జాతర అయింది. "వానలు తగ్గేదాకా ఉండు" అంది కనకాంబమ్మ. వానలు తగ్గాయి. "పరీక్ష అయ్యేదాకా ఉండు" అంది. పాపం బండివాడే, వచ్చినప్పుడల్లా "ఎక్కుతావా ఎక్కవా?" అని విసుక్కునేవాడు.

పరీక్ష రోజు వచ్చింది. ఆ రోజు బడిలో ఎవరూ నోరు విప్పకూడదు. విప్పినవాళ్లకు మగ్గం రాదు. బడి పుట్టినప్పటి నుంచీ ఉన్న కట్టుబాటది. ఊరిపెద్దలు వచ్చి వరుసగా కూర్చున్నారు. పెంచలయ్య మళ్లీ చిలకల కోకే ఎత్తుకున్నాడు. కోకలో తెల్లటి భాగం చకచకా నేశాడు. చిలక దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. ఎదురుగా రెండు కండెలున్నాయి. నాంచారమ్మ చూస్తోంది, పెదవి కొరుక్కుంటోంది. చెబితే ఆమె మగ్గం పోతుంది. అడిగితే వాడి మగ్గం పోతుంది. అడగకపోతే ఎర్ర చిలక ఎగురుతుంది.

అడిగాడు. రెండు చేతుల్లో రెండు కండెలూ పైకెత్తి, "ఇది ఏ రంగు? ఇది ఏ రంగు?" అన్నాడు.

మగ్గాలన్నీ ఆగిపోయాయి. పెద్దల్లో ఒకాయన కోపంగా లేవబోయాడు.

"ఎడమచేతిలోది లేత తమలపాకు ఆకుపచ్చ, నాయనా," అంది కనకాంబమ్మ, పీట మీద నుంచే. "కుడిచేతిలోది పండిన దొండపండు ఎరుపు. ముక్కుకి అది పెట్టుకో."

"కట్టుబాటు తప్పింది" అన్నారు పెద్దలు.

"నేనూ తప్పాను. ముందు నన్ను పంపండి ఇంటికి" అంది ఆమె. "అడిగి నేసినా నేతే. వాడు అడగబట్టి ఈ బడికి చూడటం వచ్చింది. నాక్కూడా."

ఆమెను పంపే ధైర్యం ఎవరికుంది. చిలకలు ఆకుపచ్చగా వచ్చాయి. ముక్కులు ఎర్రగా వచ్చాయి. పెంచలయ్యకు మగ్గం వచ్చింది. వాళ్లమ్మ వచ్చి ఆ మగ్గాన్ని కొడుకు తల నిమిరినట్టు నిమిరింది. ఆ రోజు ఆమె అన్నం తినడం కూడా మరిచిపోయింది.

పెంచలయ్య ముసలివాడయ్యేదాకా ఆ మగ్గం మీదే నేశాడు, అడుగుతూనే నేశాడు. చివరిదాకా ఆయనకు ఎరుపు కనపడలేదు. అందుకు దిగులు పడ్డాడని చెప్పినవాళ్లు కూడా లేరు. ఊళ్లోని ఎరుపులన్నీ ఆయనకు విని తెలుసు. ఆయన పోయిన రోజున ముసలి నాంచారమ్మ తను అద్దిన గుడ్డ తెచ్చి కప్పింది. చెవి దగ్గరికి వంగి, "ఇది మాపటేళ పెన్నలో దిగే పొద్దు ఎరుపు, పెంచలయ్యా" అని చెప్పింది. ఆమె వెనక వచ్చినవాళ్లందరూ అట్లాగే చెప్పి మరీ కప్పారు.

అప్పటి నుంచీ ఆ ఊళ్లో ఎవరు గుడ్డ విప్పినా దాని రంగు పైకి చెప్తారు, ఎదుట ఉన్నవాళ్లకు కళ్లు బాగా కనపడుతున్నా సరే. బడిలో పరీక్ష రోజున పెద్దలు కళ్లు మూసుకుని కూర్చుంటే పిల్లలు చెప్తారు. పెళ్లికూతురికి చీర పెట్టేటప్పుడు అత్తగారు చెప్తుంది. ఎవరైనా తొందరలో ఒట్టి ఎరుపని ఊరుకుంటే, "పెంచలయ్య వింటా ఉండాడు, సరిగ్గా చెప్పు" అంటారు. అప్పుడు వాళ్లు గుడ్డను వెలుగులోకి తీసుకెళ్లి, మళ్లీ చూస్తారు.