తెర మీది తాత

విజయనగరంలో ఒక నర్సింగ్ కళాశాలలో జర్మన్ భాష నేర్పే త్రివిక్రమరావు మంచి పండితుడే గానీ, విద్యార్థుల నోట ఒక్క తప్పు దొర్లినా ఓర్చుకోలేకపోయేవాడు. "వ్యాకరణం పూర్తిగా వచ్చాకే నోరు విప్పండి" అనేవాడు. అతని విద్యార్థులు పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకునేవారు. మాట్లాడమంటే మాత్రం తలలు వంచుకునేవారు. ఆ ఏడాది జర్మనీ ఆసుపత్రి నుంచి నర్సులను ఎంచుకోవడానికి వచ్చినవాళ్లు ఒక్కరినీ తీసుకోకుండా వెళ్లిపోయారు.

మరుసటి ఏడు సలోమి అనే కొత్త టీచరు చేరింది. ఆమె తరగతిలో పెద్ద తెర మీద ఒక జర్మన్ కథ పెట్టింది. అది కంప్యూటర్‌లో చదివే కథ. అందులో ఆసుపత్రిలో ఉన్న ఒక తాత ముద్ద ముట్టడు. అతనితో ఏం మాట్లాడాలో చదివేవాళ్లే ఎంచుకోవాలి. ఆ మాటను బట్టి కథ సాగుతుంది.

"ఆటలతో భాష వస్తుందా అమ్మా?" అన్నాడు గుమ్మంలో ఆగిన త్రివిక్రమరావు.

"ఒక్క పూట కూర్చుని చూడండి సార్" అంది సలోమి.

అయిష్టంగానే వెనక బెంచీలో కూర్చున్నాడు. విద్యార్థులు మొదట తాతను గదమాయించే మాట ఎంచుకున్నారు. తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. తరగతంతా ఉసూరుమంది. అప్పుడు, ఎన్నడూ పెదవి విప్పని రత్నమాల దిగ్గున లేచింది.

"బెదిరించొద్దు! ఎవరికోసం ఎదురుచూస్తున్నాడో అడుగుదాం" అంది జర్మన్‌లో.

ఆమె వాక్యంలో క్రియ ఉండాల్సిన చోట లేదు. త్రివిక్రమరావు సరిదిద్దబోయి ఆగాడు. సలోమి ఆ ప్రశ్ననే ఎంచుకోగానే తెర మీద తాత కళ్లు తుడుచుకుని, చనిపోయిన భార్య గురించి చెప్పసాగాడు. అందరూ ఊపిరి బిగబట్టి చదివారు. తెలియని మాటలకు అర్థాలు వాళ్లే వెతుక్కున్నారు. రత్నమాల తన తప్పు తనే దిద్దుకుని మళ్లీ మాట్లాడింది. ఇన్నేళ్లలో తన తరగతిలో ఇంత ఆరాటం త్రివిక్రమరావు చూడలేదు.

కొన్నాళ్లకు జర్మనీవాళ్లు మళ్లీ వచ్చారు. "నేను రోగిని. ఇంటికి పోతానని ఏడుస్తున్నాను. ఏమంటావు?" అని ఒక అధికారిణి రత్నమాలను అడిగింది. రత్నమాల రెండుసార్లు తడబడింది గానీ ఆగలేదు. పక్కన కూర్చుని, ఇంట్లో ఎవరెవరున్నారో మెల్లగా అడిగింది. ఆ అధికారిణి నవ్వి ఆమె చెయ్యి పట్టుకుంది. ఉద్యోగం వచ్చింది.

త్రివిక్రమరావు నేరుగా సలోమి దగ్గరికి వెళ్లాడు. "నా తరగతిలోనూ ఆ కథలు పెడతాను. నాకు నేర్పుతావా అమ్మా?"

"తప్పకుండా సార్. మీరు నేర్పిన వ్యాకరణం వల్లే కదా వాళ్లకు కథ అర్థమైంది" అంది సలోమి.

నీతి: తప్పుకు భయపడి నోరు మూసుకుంటే ఏ భాషా రాదు, మనసును కదిలించే కథ ఆ భయాన్ని పోగొడుతుంది.