ఇద్దరు మనుషులు, ఒక్క కీబోర్డు

పాలకొల్లులో శుభలేఖలు అచ్చువేసే మల్లిబాబు పనిలో దిట్టే గాని, ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే "నాకు తెలుసు" అనేసేవాడు. భోజనాల దగ్గర భార్య సుభాషిణి "ఏవండీ, పులుసులో ఉప్పు..." అనగానే, "నాకు తెలుసు, తగ్గింది" అని చారెడు ఉప్పు కలుపుకునేవాడు. ఆవిడ చెప్పబోయింది ఎక్కువైందని. ఆ పులుసు అలాగే తినేవాడు, పౌరుషం కొద్దీ.

వాళ్ల కొట్లో రెండు కంప్యూటర్లు ఉండేవి. కొత్తదాని మీద మల్లిబాబు రంగురంగుల శుభలేఖలు తయారుచేసేవాడు. పాతదాని మీద సుభాషిణి కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, అలాంటి నలుపు తెలుపు పనులన్నీ టైపు చేసేది. బల్ల మాత్రం ఒక్కటే. రెండు కీబోర్డులు, రెండు మౌసులు, వాటి తీగలు పోగా టీ గ్లాసు పెట్టుకోవడానికి కూడా చోటుండేది కాదు. ఒకరోజు గ్లాసు ఒరిగి, ఎవరిదో గృహప్రవేశం కార్డు టీలో తడిసి ముద్దయింది.

సుభాషిణి తమ్ముడు మణికంఠ భీమవరంలో కంప్యూటర్లు బాగుచేసేవాడు. అతను ఒకసారి మాటల్లో ఒక సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పాడు. దాన్ని రెండు కంప్యూటర్లలో వేసుకుంటే రెండింటికీ ఒకే కీబోర్డు, ఒకే మౌసు సరిపోతాయట. మౌసు బాణాన్ని ఒక తెర అంచు దాటిస్తే పక్క తెర మీదికి వెళ్తుందట. బాణం ఏ తెర మీద ఉంటే, కొట్టిన అక్షరాలు ఆ తెర మీదే పడతాయట. ఇది గుర్తొచ్చి మల్లిబాబు అతనికి ఫోన్ చేశాడు.

"రెండింటిలోనూ అదే వెయ్యండి బావగారూ. రెండూ ఒకే వైఫైలో ఉండాలి. తర్వాత రెండు కంప్యూటర్ల బొమ్మలు చూపిస్తుంది. ఏది ఎడమ పక్కనుందో, ఏది కుడి పక్కనుందో..."

"నాకు తెలుసు."

"ఇంకో సంగతి బావగారూ. ఇది అసలు ఎవరికి పనికొస్తుందంటే..."

"నాకు తెలుసులేవోయ్!" అని మల్లిబాబు ఫోన్ పెట్టేశాడు.

సాఫ్ట్‌వేర్ వేయడమైతే వేశాడు గాని, ఆ బొమ్మల్లో కుడి ఎడమలు తారుమారు చేశాడు. దాంతో ఎడమ పక్కనున్న పాత కంప్యూటర్‌లోకి వెళ్లాలంటే బాణాన్ని కుడి వైపు తోయాల్సి వచ్చేది. మళ్లీ ఫోన్ చేసి అడిగితే చిన్నతనమనుకున్నాడు. చొక్కా విప్పి, నడుం బిగించి, రెండు కంప్యూటర్లనూ దుమ్ముతో సహా ఎత్తి అటుదిటు, ఇటుదటు మార్చేశాడు. చెమటలు కక్కుతూ, "ఎలా ఉంది?" అన్నాడు.

"బాణం నడవడానికి కంప్యూటర్లు మోసిన మనిషిని ఇప్పుడే చూస్తున్నానండి" అంది సుభాషిణి.

అతను అదేమీ పట్టించుకోకుండా సుభాషిణి కీబోర్డునూ మౌసునూ తీసి గుడ్డసంచిలో పెట్టి అటకెక్కించాడు. "మరి ఇద్దరం ఒకేసారి పని చేయాల్సొస్తే..." అనబోయింది ఆవిడ. "నాకు తెలుసు. వంతులు వేసుకుందాం" అన్నాడు. ఏళ్ల తరబడి తన వేళ్లకు అలవాటుపడ్డ కీబోర్డు అలా కళ్లముందే అటకెక్కడం ఆవిడకు కష్టంగానే తోచింది. కానీ ఖాళీ అయిన బల్ల మీద టీ గ్లాసును దర్జాగా పెట్టుకుని మురిసిపోతున్న మొగుణ్ణి చూస్తే కాదనబుద్ధి కాలేదు.

ఆ వారంలోనే సత్యవేణి వచ్చింది. ఆవిడ జాకెట్లు కుట్టి ఒక్కగానొక్క కూతురు హారికను పెంచుకొచ్చిన మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. ఇప్పుడు హారికకు పెళ్లి కుదిరింది. శుభలేఖకు కావలసినవన్నీ చెప్పి, "సన్న అక్షరాలు నాకు ఆనవు బాబుగారూ. అచ్చు వేసేముందు ఒకసారి మొత్తం చదివి..." అంది.

"నాకు తెలుసమ్మా, అన్నీ సరిచూసే వేస్తాం" అన్నాడు మల్లిబాబు.

మర్నాడు అతను కొత్త కంప్యూటర్ మీద ఆ శుభలేఖ పూర్తిచేశాడు. అందులో చివరి వరుస, బంధుమిత్రుల అభినందనలు ఉండే చోట, బాణాన్ని వదిలేసి టీకి వెళ్లాడు. సుభాషిణి కీబోర్డు ముందుకు లాక్కుని, పాత కంప్యూటర్ ఎదుట కూర్చుంది. ఎవరిదో పెద్దకర్మ కార్డు తొందరగా కావాలన్నారు. ఆవిడ చూపు కాగితం మీదే ఉండేది గాని తెర మీద ఉండేది కాదు. అలవాటైన చేయి. మొదటి ముక్క చకచకా కొట్టేసి, అలవాటు ప్రకారం సేవ్ కూడా నొక్కింది. తలెత్తి చూస్తే తన తెర మీద ఒక్క అక్షరం లేదు.

అంతలో మల్లిబాబు వచ్చాడు. "ఏవండీ, నేను కొట్టిందంతా ఎటో పోయింది. మీ తెర మీద ఒకసారి..." అంది సుభాషిణి.

"నాకు తెలుసు. సాఫ్ట్‌వేర్ కొత్తది కదా, మొదట్లో కాస్త అక్షరాలు మింగుతుంది. మళ్లీ కొట్టు" అన్నాడు. తన తెర చూసుకున్నాడు. పైన వినాయకుడి బొమ్మ, దాని కింద వధూవరుల పేర్లు బంగారు రంగులో మెరుస్తున్నాయి. అతని చూపు అక్కడే ఆగిపోయింది. కింది వరుస దాకా దిగలేదు. కార్డులన్నీ అచ్చుకు పంపేశాడు.

మరునాడు మధ్యాహ్నం సత్యవేణి పసుపు పొట్లంతో వచ్చింది. మొదటి శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాసి గాని ఎవరికీ ఇవ్వరు. "నా చేత్తో ఎందుకులే అమ్మా, నువ్వు రాయి" అని సుభాషిణికి పొట్లం అందించింది. సుభాషిణి కార్డు చేతిలోకి తీసుకుంది. అక్షరాలు కనిపిస్తే చదవకుండా ఉండలేని మనిషి కదా, చదువుకుంటూ కింది దాకా వచ్చింది. చివరి వరుసలో ఇలా ఉంది: "బంధుమిత్రుల అభినందనలతో మా తండ్రిగారు స్వర్గస్థులైనందున."

దాచిపెట్టే అవకాశం లేదు. "పిన్నిగారూ, తప్పు జరిగిపోయింది" అని ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించింది. సత్యవేణి కుర్చీలో కూలబడింది. మల్లిబాబు ముఖం పాలిపోయింది. "అమ్మా, నాకు తె..." అనబోయాడు.

"చెప్పనివ్వండి బాబుగారూ! ఇవాళైనా నన్ను చెప్పనివ్వండి" అంది సత్యవేణి. అతను నోరు మూసుకున్నాడు.

"చదివి వినిపించమని ఆ రోజే చెప్పబోయాను. మీరు విన్నారు కాదు. మా ఆయన పోయాక మా ఆడపడుచు మా గడప తొక్కలేదండి. అపార్థాలు. మొన్న తనంతట తనే ఫోన్ చేసింది. మేనకోడలి పెళ్లి, మొదటి కార్డు నా చేతిలోనే పెట్టాలి వదినా, అంది. మూడింటి బస్సుకి బయల్దేరుతున్నానని మాటిచ్చాను. ఇవాళ వెళ్లకపోతే మళ్లీ మొదటికొస్తుంది. ఇలాంటి కార్డు పట్టుకెళ్తే ఇంకేమన్నా ఉందా?"

రెండు రోజుల్లో మొత్తం మళ్లీ వేసిస్తానన్న మాట మల్లిబాబు నాలుక చివరిదాకా వచ్చింది. బలవంతాన మింగాడు. సత్యవేణి కళ్లు తుడుచుకుని అంది, "మిగతావి ఎప్పుడిచ్చినా పర్లేదు. బస్సు వేళకి ఒక్క మంచి కార్డు ఇవ్వండి బాబూ. ఆ ఒక్క ఇంటికి ఒక్క కార్డు చాలు."

మల్లిబాబుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒక్క కార్డంటే క్షణాల్లో పని! భార్య వైపు తిరిగి, "నిన్న నువ్వేదో చెప్పబోయావు సుభా. చెప్పు" అన్నాడు. తను కొట్టింది అతని తెర మీదికి వెళ్లిందేమో చూడమన్నానని ఆవిడ చెప్పింది. అతను చివరి వరుసలో పడ్డ ఆ మాటలు చెరిపేసి, కార్డు మొత్తం సత్యవేణికి గట్టిగా చదివి వినిపించాడు. ఆవిడ సరేనన్నాకే అచ్చు తీశాడు.

సుభాషిణి పసుపు పొట్లం తిరిగి సత్యవేణి చేతిలోనే పెట్టింది. "కన్నతల్లి మీరుండగా ఇంకొకరి చేయెందుకు పిన్నిగారూ? మీరే రాయండి" అంది. సత్యవేణి వద్దు వద్దంటూనే నాలుగు మూలలా పసుపు రాసింది. మల్లిబాబు ఆవిడను బండి మీద దింపి, బస్సెక్కించి వచ్చాడు. ఆడపడుచు కార్డు గుండెలకు హత్తుకుని ఏడ్చిందనీ, పెళ్లికి వారం ముందే వస్తానందనీ సాయంత్రం సత్యవేణి ఫోన్ చేసి చెప్పింది.

ఆ ఫోన్ పెట్టేశాక మల్లిబాబు అటకెక్కి గుడ్డసంచి దించాడు. కీబోర్డు దుమ్ము తన చొక్కాతోనే తుడిచి, భార్య ముందు పెట్టి, మణికంఠకు ఫోన్ చేశాడు. "ఆ రోజు ఇంకో సంగతి అన్నావు. చెప్పవోయ్, వింటాను" అన్నాడు.

"ఒక్క మనిషి రెండు కంప్యూటర్లు వాడేచోట అది బంగారం బావగారూ. మీ కొట్లో ఉన్నది ఇద్దరు మనుషులు కదా! ఒకరు కొడుతుంటే ఇంకొకరి తెర మీద పడుతుందని చెప్పబోతే మీరు ఫోన్ పెట్టేశారు."

"సరే. ఇంకేమన్నా చెప్పాలా?" అన్నాడు మల్లిబాబు.

మణికంఠ కంగారుగా, "ఒకసారి అక్కకి ఫోన్ ఇవ్వండి. మీకు ఒంట్లో బాగానే ఉందా అని అడగాలి" అన్నాడు.

ఎంత తెలిసినవాళ్లమైనా ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినాలి. మనకు తెలియనిది చాలాసార్లు ఆ చివరి మాటలోనే ఉంటుంది.