మాటబండ ఎక్కిన నక్క

ఇప్పలకోన అనే అడవిలో ఎలుగుబంట్లు, నక్కలు, దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు ఉండేవి. ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో అన్నీ తలా కొంచెం ఎండబెట్టి ఒక ఉమ్మడి గుహలో దాచేవి. కష్టకాలంలో అందరికీ పనికొస్తాయని ఆ ఏర్పాటు.

కోన మధ్యలో మాటబండ అనే పెద్ద రాయి ఉండేది. దాని మీద నిలబడి ఎవరు ఏ మాట అన్నా, ముందుగా వాళ్లే ఆ మాటకు కట్టుబడాలి. అది పాతకాలం పెద్దలు పెట్టిన ఆచారం. రానురాను ఆ ఆచారాన్ని అటకెక్కించారు. ఎక్కి అరవడానికి బండ మాత్రం మిగిలింది.

ఒకసారి వరుసగా రెండేళ్లు వానలు లేవు. కోనకంతటికీ నీళ్లిచ్చే మడుగు ఎండి పూడిపోయింది. దుంపలు దొరకలేదు. సూదమ్మ అనే ముళ్లపందికి ఒక్కగానొక్క బిడ్డ. ఆ బిడ్డ దాహంతో లేచి నిలబడలేకపోయింది.

అడవికి పెద్ద అయిన ఎలుగుబంటి మాటబండ ఎక్కింది. "గుహ తెరుద్దాం. మడుగులో పూడిక తీసినవాళ్లకు రోజూ దోసెడు ఇప్పపూలు ఇద్దాం. ఇవాళ కడుపు నిండుతుంది. వాన పడితే నీళ్లు నిలుస్తాయి" అంది. అక్కడితో ఆగితే బాగుండేది. "వారం తిరక్కుండా మడుగు పొంగుతుంది. ఇంటింటి ముందూ తేనెపట్టు వేలాడుతుంది" అని కూడా అనేసింది.

మడుగుకు దిగువ గట్టున ఉండే, ఎలుగుబంటి పక్షపు జంతువులు జేజేలు కొట్టాయి.

ఎగువ గట్టు నాయకుడైన నక్క ఒక్క గెంతులో బండ ఎక్కింది. "ఇది దుబారా! గుహ ఖాళీ చేస్తే రేపు మన పిల్లలు ఏం తింటారు? నేను ఒక్క పువ్వు కూడా ముట్టను" అంది. అంతకుముందు తాను అడవికి పెద్దగా ఉన్నప్పుడు, గుహలో సగం పూలు కూలికిచ్చి తన బొరియ ముందు పందిరి వేయించుకున్న సంగతి మాత్రం ఎత్తలేదు.

ఎగువ గట్టు జంతువులు కూడా జేజేలు కొట్టాయి. రెండు గట్లవాళ్లూ గొంతులు చించుకున్నారు. మడుగు వైపు చూసినవాళ్లు లేరు.

సూదమ్మకు ఒళ్లు మండిపోయింది. విసవిసా వెళ్లి బండ ఎక్కింది.

"దిగు సూదమ్మా, పెద్దవాళ్లం మాట్లాడుకుంటున్నాం" అంది నక్క.

"ఇన్నాళ్లూ మీరే మాట్లాడారు బావా. అక్కడ నా బిడ్డ నాలుక ఎండిపోతోంది. ఎలుగు మామా, నీ తేనెపట్టు మాట నేను నమ్మను. నక్క బావా, నీ పొదుపు మాటా నమ్మను. నీ పందిరి నీడ నీ ఒక్కడి మీదే పడుతోంది. కానీ ఇది మాటబండ. తవ్వుదామన్న మామ ముందు తవ్వాలి. ముట్టనన్న బావ ముట్టకూడదు. నేను గుహ ముందు కాపలా కూర్చుంటాను. నన్ను దాటి ఎవరు పోతారో చూస్తాను."

సూదమ్మ ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. అందరూ పక్కకు తప్పుకుని గుహ వైపు దారి ఇచ్చారు.

ఎలుగుబంటి అందరికంటే ముందు మడుగులో దిగింది. ఆకలికి తాళలేక ఎగువ గట్టు జంతువులు కూడా ఒక్కొక్కటే వచ్చి మట్టి మోశాయి. వారం గడిచింది. తవ్వినచోట గొంతు తడుపుకునేంత ఊట ఊరింది గానీ, మడుగు పొంగలేదు. నక్క గట్టు మీద నిలబడి నవ్వింది. "గొప్పలు పోయాను. తప్పయింది" అని ఎలుగుబంటి అందరి ముందూ ఒప్పుకుంది. మళ్లీ తవ్వసాగింది.

గుహ సగానికి తరిగింది. వాన జాడ లేదు. సూదమ్మ కూడా మాటిమాటికీ ఆకాశం వైపు చూసేది. అయినా గుమ్మం వదల్లేదు.

ఒక మిట్టమధ్యాహ్నం, అందరూ మడుగులో ఉండగా, నక్క మెల్లగా గుహ దగ్గరికి వచ్చింది. ఆకలికి దాని పక్కటెముకలు బయటపడ్డాయి.

"సూదమ్మా, ఎంతైనా ఇది ఉమ్మడి గుహ కదా. నాకూ కాసిని పూలు పెట్టు. సంగతి బయటికి పొక్కనీయకు" అంది.

"బండ ఎక్కి తప్పయిందని చెప్పు బావా. వచ్చి మట్టి మొయ్యి. నా వంతు పూలు కూడా నీకే ఇస్తాను."

"మరి నా పరువు?"

"అయితే ఆ పరువే తిను."

నక్క కోపంతో మీదికి దూకింది. ముక్కులో ముల్లు గుచ్చుకుని కుయ్యోమంటూ పారిపోయింది.

చివరికి వాన కురిసింది. లోతుగా తవ్విన మడుగు అంచుల దాకా నిండింది. సూదమ్మ బిడ్డ కడుపారా నీళ్లు తాగి తల్లి చుట్టూ గంతులు వేసింది. సూదమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు.

అందరూ మడుగు దగ్గర చేరగానే నక్క మాటబండ ఎక్కింది. "ఈ పూడిక పని మొదటినుంచీ మా ఎగువ గట్టు ఆలోచనే" అంది.

"బావా, నీ పాదాలు చూపించు" అంది సూదమ్మ.

ఎలుగుబంటి అరిగిన గోళ్లు చూపించింది. దుప్పులు, కుందేళ్లు మట్టి పట్టిన కాళ్లు ఎత్తాయి. ఎగువ గట్టువాళ్ల కాళ్లకూ మట్టే ఉంది. నక్క మాత్రం తన పాదాలను తోక కింద దాచుకుంది.

"దాహంగా ఉంటే వచ్చి తాగు. మడుగు అందరిదీ. బండ మాత్రం దిగు" అంది సూదమ్మ.

నక్క దిగలేదు. ఇంకా ఏదో చెబుతూనే ఉంది. జంతువులన్నీ దానికి వీపు తిప్పి నీళ్లు తాగసాగాయి.

అప్పటినుంచి ఇప్పలకోనలో మాటబండ ఎక్కేవాళ్లు నోరు తెరిచేముందు పాదాలు చూపించాలి.

నీతి: తన మాటకు తానే కట్టుబడని నాయకుడు ఎంత గట్టిగా అరిచినా, ఆ మాటకు విలువ ఉండదు.