నాలుగో మలుపు దగ్గర మంగవేణి కారు

నేను చెప్పబోయేది నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు, ఆపను. చోడవరంలో లారీ ఇంజనును భుజానికెత్తుకుని బజారు ఈ చివర నుంచి ఆ చివరి దాకా మోసినవాణ్ణి నేను. మధ్యలో ఆగి కిళ్లీ కూడా కట్టించుకున్నాను, ఇంజను దించకుండానే. అటువంటి నేను ఒక్క మనిషి ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. ఆయన దేముడు మేస్త్రిగారు, మా గురువుగారు. బెల్లం మార్కెట్టు వెనక రేకుల షెడ్డు ఆయనది. ఆడుతున్న ఇంజను మీద అరచెయ్యి ఆనించి, ఆ బండి పొద్దున ఏ ఊళ్లో బయల్దేరిందో, దారిలో డ్రైవరు ఎవరితో తగువు పడ్డాడో చెప్పేవారు. శిష్యులు ఏదైనా అడిగితే ఆయన నోటితో జవాబివ్వరు. చేతికో పానా ఇచ్చి, బండి వైపు చూపిస్తారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం సూరిబాబు షెడ్డులోకి వచ్చాడు. నా తరవాత చేరిన శిష్యుడతను, అప్పటికే సొంతంగా చిన్న దుకాణం పెట్టుకున్నాడు. వచ్చీ రాగానే అడిగాడు:

“గురువుగారూ, మొండితనానికీ పట్టుదలకీ తేడా ఏటి? నాది మొండితనమని మా ఆవిడ అంటంది. పట్టుదలని నానంటన్నాను. మీరే తేల్చాలి.”

ఈ తగువుకి మూలం ఒక కారు. సూరిబాబు భార్య మంగవేణికి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. తొమ్మిదేళ్లు పరీక్షలు రాసి టీచరు ఉద్యోగం తెచ్చుకుంది. తీరా చూస్తే వేసింది పాడేరు కొండ మీద బడిలో. జీపుల్లో వేలాడుతూ వెళ్లడం ఆమె వల్ల కాదు. అందుకని సూరిబాబు ఇనప గొట్టాలతో చట్రం కట్టి, రేకులు తొడిగి, వెనక పాత మోటారు సైకిలు ఇంజను బిగించి, రెండు సీట్ల కారు చేశాడు. మోటారు సైకిలు ఇంజనే ఎందుకంటే, దాని క్లచ్ చేత్తో నొక్కేది. గేరుకి కూడా చేతి కర్ర పెట్టాడు. ఎడమకాలితో పని లేకుండా మంగవేణి తనే నడుపుకోవచ్చు. వెనక్కి వెళ్లే గేరు మాత్రం దానికి లేదు. వెనక్కి పోవాలంటే ఎవరో ఒకరు తొయ్యాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే, అదీ చిటికెన వేలితో.

చదును నేల మీద కారు బాణంలా పోయేది. ఎత్తు ఎక్కాల్సి వస్తే క్లచ్ జారిపోయేది. ఇంజను అరుస్తుంది, చక్రాలు కదలవు. సూరిబాబు క్లచ్ పలకలు మార్చాడు. జారింది. గట్టి స్ప్రింగులు వేశాడు. లీవరు నొక్కలేక మంగవేణి వేళ్లు వాచిపోయాయి, క్లచ్ మాత్రం మళ్లీ జారింది. సోమవారం పొద్దున ఆమె బడిలో చేరాలి. “ఆదివారానికి కారు కొండెక్కితే చేరతాను. లేదంటే ఉద్యోగం వద్దని రాసిచ్చేస్తాను. రోజూ ఒకళ్ల చేత ఎత్తించుకుని జీపెక్కడం నా వల్ల కాదు” అని ఆమె తెగేసి చెప్పింది.

గురువుగారు ఆ రోజు పానా ఇవ్వలేదు. “పద, కొండ చూద్దాం” అన్నారు.

సూరిబాబు నడిపాడు, పక్కన ఆయన కూర్చున్నారు. నేను వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాను, దారి పొడుగునా ఒంటికాలి మీద. ఘాటీ రోడ్డులో మూడు మలుపులు ఎలాగో గడిచాయి. నాలుగో మలుపు దగ్గర కారు ఆగిపోయి, ఇంజను మాత్రం గొంతెత్తింది. నెత్తిన కట్టెల మోపుతో ఒక ముసలమ్మ మమ్మల్ని దాటిపోతూ అడిగింది:

“బావూ, ఇది మిమ్మల్ని మోస్తందా, మీరు దీన్ని మోస్తన్నారా?”

సూరిబాబు మొహం కందిపోయింది. గురువుగారు, “ఇంకా ఇవ్వు” అన్నారు. అతను రేజు చేశాడు. “ఇంకా” అన్నారు. ఆ అరుపుకి కాఫీ తోటల్లోంచి లేచిన పిట్టలు ఒరిస్సా దాటేదాకా వాలలేదు. మాడు వాసన వేసింది. కారు మాత్రం జానెడు జరగలేదు. గురువుగారు ఆ అరుపుని సన్నాయి వింటున్నంత శ్రద్ధగా విని, “ఇది మొదటిది” అన్నారు. ఏది మొదటిదో చెప్పలేదు. నేను దిగి కారుని వెనక్కి తిప్పాను.

శనివారం పొద్దున మంగవేణి కూడా షెడ్డుకి వచ్చి బల్ల మీద కూర్చుంది. గురువుగారు ఇంజనులోని నూనెని బేసినులోకి దింపి, రెండు వేళ్ల మధ్య రాసి, వాసన చూశారు.

“ఏం నూనె పోశావు?”

సూరిబాబు ఛాతీ విరుచుకున్నాడు. “కారు నూనె గురువుగారూ. కొట్లో ఉన్నవాట్లో అన్నిటికన్నా ఖరీదైంది. మా ఆవిడ ఎక్కే కారు కదా.”

ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. కారులో క్లచ్ వేరే అరలో పొడిగా కూర్చుంటుంది. ఈ మోటారు సైకిలు ఇంజనులో అలా కాదు, క్లచ్ పలకలు ఇంజను నూనెలోనే మునిగి ఉంటాయి. కారు నూనెలో బాగా జారడానికని మందు కలుపుతారు. ఆ మందు పలకలకి పట్టిందంటే ఒకదాన్నొకటి పట్టుకోలేవు. కొత్త పలకలు వేసినా, గట్టి స్ప్రింగులు వేసినా, అన్నీ ఆ నూనెలోనే కదా మునిగాయి.

“ఖరీదైంది పోశావు. దానికేది పడుతుందో కనుక్కోలేదు” అన్నారు గురువుగారు.

మంగవేణి తల ఎత్తకుండానే అంది: “నన్నూ అడగలేదండి, గట్టి స్ప్రింగులు వేస్తే నొక్కగలవా అని.”

సూరిబాబు నేల చూపులు చూశాడు. “మళ్లీ విప్పాలా? ఇప్పటికి రెండుసార్లు విప్పాను గురువుగారూ.”

“మూడోసారి విప్పు” అన్నారాయన. అప్పుడిచ్చారు పానా.

ఒక బోల్టు బిగుసుకుపోతే నేనే పళ్లతో తీశాను, అది వేరే సంగతి. మిగతా పని సూరిబాబుదే. పదకొండు పలకల్నీ పెట్రోలులో కడిగాడు. ఉక్కు పలకల్ని అద్దం మీద ఉప్పుకాగితం పరిచి రుద్దాడు. మంగవేణి ఒక్కొక్కటే వెలుగుకి పెట్టి చూసి, నునుపు మెరుపు మిగిలితే తిప్పి పంపేది. అయిదో పలక నాలుగుసార్లు వెనక్కొచ్చింది. ఇంజనులో మోటారు సైకిలు నూనె పోసి, కాసేపు ఆడించి, దింపారు. మళ్లీ పోశారు, మళ్లీ దింపారు. కడిగిన పలకల్ని కొత్త మోటారు సైకిలు నూనెలో నానబెట్టారు. గట్టి స్ప్రింగులు తీసేసి పాతవి తెచ్చారు. పొద్దు వాలేసరికి సూరిబాబు వేళ్ల తోలు లేచిపోయింది. కానీ ఆ రోజంతా అతని నోట విసుగు మాట రాలేదు.

ఆదివారం పలకలు బిగించి బయల్దేరాం. మంగవేణి నడిపింది. పక్కన గురువుగారు. వెనక కమ్మీ పట్టుకుని సూరిబాబూ నేనూ. నేనొక్కణ్ణి ఎక్కితేనే లారీ ఓ పక్కకి ఒరుగుతుంది, మరి ఈ బుల్లి కారు సంగతి మీరే ఆలోచించండి. నాలుగో మలుపు దగ్గరికొచ్చేసరికి అదే ముసలమ్మ, అదే కట్టెల మోపు. బాగా ఏటవాలుగా ఉన్నచోట గురువుగారు, “ఆపమ్మా” అన్నారు.

“ఇక్కడాండి? ఇక్కడ ఆపితే మళ్లీ కదలదేమో. వెనక గేరు కూడా లేదు.”

“ఆపు. ఆవిణ్ణి ఎక్కించుకుందాం.”

మంగవేణి ఆపింది. గురువుగారు దిగి ముసలమ్మని తన సీట్లో కూర్చోబెట్టి, వెనకకొచ్చి మా మధ్య నిలబడ్డారు. మోపు నా నెత్తికెక్కింది. సూరిబాబు కళ్లు మూసుకున్నాడు. మంగవేణి వాచిన వేళ్లతో లీవరు నొక్కి గేరు వేసింది. ఎంత అవసరమో అంతే రేజు చేస్తూ, లీవరుని మెల్లగా, మరీ మెల్లగా వదిలింది.

ఇంజను అరవలేదు. నిండు బిందె ఎత్తే మనిషిలా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. కారు కదిలింది. అయిదో మలుపు దాటింది, ఆరోది దాటింది. చివరికి బడి వాకిట్లో ఆగింది.

సూరిబాబు గొంతు సవరించుకున్నాడు. “గురువుగారూ, మరి మొండితనం, పట్టుదల అని నానడిగిన మాట...”

గురువుగారు ఇంజను మీద అరచెయ్యి ఆనించి, “ఇది రెండోది” అన్నారు. తరవాత టీ ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుంటూ వెళ్లిపోయారు.

నమ్మబుద్ధి కావడం లేదా? లారీ ఇంజను సంగతి వదిలెయ్యండి, పళ్లతో తీసిన బోల్టు కూడా వదిలెయ్యండి. ఆ ఏటవాల్లో కారు మళ్లీ కదిలినప్పుడు మంగవేణి పక్క సీట్లో కూర్చున్న మనిషి ఇంకా ఉంది. ఆరో మలుపు పైన ఇల్లు, పేరు పాంగి చిలకమ్మ.