లేదు అనని ఇల్లు

అనగనగా ఒక రాజు. ఆ రాజుగారి ఇంట్లో అన్నీ ఉండేవి, ఒక్క మాట తప్ప. ఆ మాట "లేదు".

బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనాలి. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అనాలి. ఇది అందరిళ్ళలో ఉన్నదే, తప్పు కాదు. కానీ ధర్మకేసరి మహారాజు ఇంకో నాలుగు మెట్లు ఎక్కాడు. గడప దగ్గరికి ఎవరొచ్చి ఏది అడిగినా ఇస్తానంటాడు. ఖజానాలో ఎలుకలు పస్తులున్నా ఇస్తానంటాడు. "ఆ మాట పలికిన నాలుకను మా వంశం ఎరుగదు" అని మీసం దువ్వుకుంటాడు.

ఆయన రాణి సుగుణావళి. ఒకసారి ఆమె, "ఏమండీ, ఈసారి జన్మదినపు విందుకి ధాన్యం లే..." అనబోతే రాజు చేత్తో ఆమె నోరు మూసేశాడు. "అపశకునం పలక్కు" అన్నాడు. ఆ రోజు నుంచి రాణి ఆ మాట ఎత్తలేదు. అందరూ తిన్నాక మిగిలింది తినడం మొదలుపెట్టింది.

మరి విందు ఎలా జరిగిందంటారా? గుమ్మంలోకి ఒక జోలె మాంత్రికుడు వచ్చాడు. తాటిచెట్టంత పొడుగు. భుజాన ఒక జోలె. అందులో చెయ్యి పెడితే ఏది కావాలంటే అది వస్తుంది.

"వెయ్యిమంది విస్తళ్ళ ముందు కూర్చోవాలి కదా మహారాజా! తీసుకోండి, మనలో మనకేమిటి?" అన్నాడు.

"వడ్డీ?"

"అబ్బెబ్బే! మీ ఇంట్లో ఎవరూ వెతకనిది ఏదో ఒకటి పట్టుకుపోతాను. అంతే."

రాజు ఆలోచించాడు. అటకమీద చినిగిన గొడుగులున్నాయి, గుర్రపుశాల వెనక విరిగిన పల్లకీ ఉంది. "పట్టుకుపో" అన్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఏటేటా విందు జరిగింది. ఏటేటా అప్పు జరిగింది.

రాజుకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు రణధీరుడికి బంగారు జీను ఉన్న తెల్లగుర్రం కావాల్సి వచ్చింది. మాంత్రికుణ్ణి పిలిచాడు. "ఎవరూ వెతకనిది పట్టుకుపో" అన్నాడు. ఎవరికీ చెప్పలేదు. రెండోవాడు గుణధీరుడు పాచికల్లో ఓడిపోయాడు. మాంత్రికుణ్ణి పిలిచాడు. "ఎవరూ వెతకనిది పట్టుకుపో" అన్నాడు. ఎవరికీ చెప్పలేదు. మూడోది ఆడపిల్ల, కేతకి. పొరుగు రాజకుమార్తెలు తన బోసికాళ్ళు చూసి నవ్వారని దానికి రవ్వల అందెలు కావాల్సి వచ్చాయి. అదీ పిలిచింది. అదీ అదే మాట అంది. అదీ ఎవరికీ చెప్పలేదు.

ఒక పొద్దున కేతకి జడ అల్లుకుంటూ వెనక్కి తిరిగితే అమ్మ నిలబడి ఉంది.

"అమ్మా! పిల్లిలా వచ్చావేంటి?"

"ఎప్పుడో వచ్చానే. ఈమధ్య ఎవరికీ వినిపించడం మానేశాను" అంది రాణి.

అప్పుడు కేతకి అమ్మని చూసింది. చూడటం అంటే నిజంగా చూసింది. మొహం వత్తి కాలిపోయిన ప్రమిదలా ఉంది. చెక్కిళ్ళు లోపలికి పోయాయి. పనిచేస్తూ పాడే మనిషి పాడటం ఎప్పుడు మానేసిందో ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు.

రాజవైద్యుడు వచ్చి నాడి పట్టుకున్నాడు. పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఇది రోగం కాదు. ఈ తల్లి నిద్ర ఎవరో పట్టుకుపోయారు. పాట పట్టుకుపోయారు. ఆకలి పట్టుకుపోయారు. చివరికి అడుగుల చప్పుడు కూడా పట్టుకుపోయారు. ఎవరయ్యా ఈమెను ఇలా ముక్కలు చేసి తాకట్టు పెట్టింది?"

నలుగురూ తలలు దించుకున్నారు. నలుగురూ ఎవరికి వారు, ఆ తప్పు చేసింది తానొక్కరే అనుకున్నారు. ఇంట్లో ఎవరూ వెతకనిది అంటే అటకమీది గొడుగు అనుకున్నారు పాపం. అమ్మ అని ఎవరికి తట్టింది?

అంతలో గుమ్మంలో జోలె ఊగింది. "అసలు అలాగే ఉంది. వడ్డీకి రాణిగారి ఊపిరొక్కటే మిగిలింది. కార్తీక పున్నమికి వస్తాను" అని మాంత్రికుడు వెళ్ళిపోయాడు.

రాజు కత్తి దూశాడు. "వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందట. ఆ చిలక మెడ విరిచేస్తే వాడూ పోతాడు, అప్పూ పోతుంది! ఎవరు వెళతారు?"

రణధీరుడు లేచాడు. రాజకుమారుడు మామూలు పడవలో వెళితే పరువేం కాను? ఏడంతస్తుల ఓడ కావాలి. దానికి డబ్బో? ఆ జోలె మాంత్రికుడి దగ్గరే అప్పు చేశాడు! అవును, అప్పులవాణ్ణి చంపడానికి అప్పులవాడి దగ్గరే అప్పు. రెండో సముద్రం నడుమ మాంత్రికుడు చిటికె వేశాడు. ఓడ పలకలన్నీ ఒక్కొక్కటే ఊడి జోలెలోకి ఎగిరిపోయాయి.

గుణధీరుడు లేచాడు. ఏడో సముద్రం దాకా వెళ్ళాడు. దూరాన మాంత్రికుడి దీవి నల్లగా కనబడింది. పక్క దీవిలో ఒక గుహలోకి దూరి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. "నేను వాణ్ణి చూడకపోతే వాడూ నన్ను చూడడు" అనుకున్నాడు.

కేతకి లేచింది. వంటింట్లోకి వెళ్ళి ఉన్నవేంటో చూసింది. గుప్పెడు అటుకులున్నాయి. మూట కట్టుకుంది. అమ్మ గుమ్మం దాకా వచ్చింది. చప్పుడు చెయ్యకుండానే వచ్చింది.

"జాగ్రత్త తల్లీ. ఆకలైతే దాచుకోకు, తినేయ్."

సముద్రపు ఒడ్డున కొండంత తాబేలు ఎండ కాగుతోంది.

"తాబేలు తాతా, ఏడు సముద్రాలు దాటిస్తావా?"

"దాటిస్తాను. ముత్యాల దండ ఇస్తావా?"

కేతకికి నాలుక చివరి దాకా అలవాటుగా "ఇస్తాను" అని వచ్చింది. అమ్మ మొహం గుర్తొచ్చి ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అనని మాట.

"లేదు తాతా. నా దగ్గర దండ లేదు. గుప్పెడు అటుకులున్నాయి. అందులో సగం నీవి."

తాబేలు కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "ఎంతమంది రాజులను మోశానో తల్లీ. అందరూ తిరిగొచ్చాక ఇస్తామన్నారు. ఇచ్చినవాడు ఒక్కడూ కనపడడు. లేదని చెప్పిన మనిషిని ఇన్నాళ్ళకి చూశాను. ఎక్కు."

ఏడు సముద్రాలు దాటింది. మాంత్రికుడి తోటలో చెట్టుకొక పంజరం, పంజరానికొక చిలక. వేల చిలకలు! ఏది వాడి ప్రాణం? కాళ్ళ దగ్గర చీమలబారు ఆగింది.

"బెల్లం పెడితే చెబుతాం" అంది ముందున్న చీమ.

"బెల్లం లేదు. అటుకులున్నాయి."

"ఉన్నవే పెట్టు. మిగతా చిలకలు జాంపళ్ళు తింటాయి. వాడి చిలక ఏమీ తినదు. లోకంలో ఎవరైనా అప్పు సంగతి దాచి 'రేపు చూద్దాం' అంటే అది లావెక్కుతుంది. అదిగో, అన్నిటికన్నా లావుది!"

కేతకి పంజరం తెరిచి ఆ చిలక మెడ పట్టుకుంది. చిలక బెదరలేదు.

"విరువు. చాలామంది విరవబోయారు. మీ అమ్మ పాట నా గొంతులో ఉంది. ఆకలి నా పొట్టలో ఉంది. నిద్ర నా రెక్కల కింద ఉంది. అడుగుల చప్పుడు నా కాళ్ళలో ఉంది. మెడ విరిస్తే వాడూ పోతాడు, ఇవీ పోతాయి."

కేతకి చెయ్యి వదులైంది. "మరి ఎలా?"

"తీసుకున్నది తిరిగివ్వాలి. తీసుకున్నామని నోటితో చెప్పాలి. ఎవరి అప్పు వాళ్ళే చెప్పాలి."

కేతకి నేలమీద కూలబడింది. అందెలు విప్పింది. "ఇవి నేను తీసుకున్నాను. ఎవరో నవ్వారని తీసుకున్నాను. ఎవరూ వెతకనిది పట్టుకుపో అన్నాను. అమ్మ నడక... దాన్ని నేను ఏనాడూ వెతకలేదు. ఎప్పుడూ ఉంటుందనుకున్నాను" అని ఏడ్చింది.

చిలక కాళ్ళలోంచి మెత్తని అడుగుల చప్పుడు బయటికొచ్చింది. తోట దాటింది, సముద్రం మీదుగా ఇంటివైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పుడొచ్చాడు మాంత్రికుడు. తాటిచెట్టంత పొడుగు.

"అయ్యో అమ్మాయీ, ఏడుపెందుకు? పాత అప్పులన్నీ కలిపి ఒక్క కొత్త అప్పు చేసేద్దాం. పైన ఇంకొంచెం ఇస్తాను, చేతిఖర్చుకి."

"వద్దు."

వాడు సగానికి సగం కుంచించుకుపోయాడు. "అసలు ఎగ్గొడతావా?"

"గింజ కూడా ఎగ్గొట్టను. అప్పు తీరేదాకా వడ్డీ మాత్రం ఇక ముట్టవు. చిలక మా ఇంట్లో ఉంటుంది."

"ఇదేం న్యాయం?"

"ఒకరు తీసుకుంటే ఇంకొకరి ఆకలి పట్టుకుపోయినవాడివి, నీకు ఇవాళ న్యాయం గుర్తొచ్చిందా? నడు. జోలె పట్టుకుని వెనకాల నడు."

వాడి ప్రాణం ఆమె చేతిలో ఉంది. ఏం చేస్తాడు? నడిచాడు.

తాబేలు మీద తిరిగొచ్చే దారిలో చిన్నన్నయ్య గుహలోంచి తొంగి చూశాడు. "పున్నమి వెళ్ళిపోయిందా చెల్లీ?"

"నువ్వు కళ్ళు మూసుకుంటే చంద్రుడు ఆగుతాడా? రా, ఎక్కు."

పెద్దన్నయ్య ఒక పలక పట్టుకుని తేలుతున్నాడు. "నా ఓడ..." అన్నాడు. "నీది కాదన్నయ్యా" అంది కేతకి. అతను పలక వదిలేసి తాబేలు ఎక్కాడు.

పున్నమికి ముందే ఇల్లు చేరారు. భోజనాల సావిట్లో పంజరం పెట్టి అందరినీ కూర్చోబెట్టింది. రణధీరుడు గుర్రం సంగతీ ఓడ సంగతీ చెప్పాడు, గుర్రాన్ని జోలెలోకి తోలాడు. లోపల రాణి తనకు తెలియకుండానే కూనిరాగం తీసింది. గుణధీరుడు పాచికల సంగతి చెప్పాడు, కడియాలు, కుండలాలు ఊడదీసి ఇచ్చాడు. రాణి గుమ్మంలోకి వచ్చి, "ఆకలేస్తోంది" అంది. ఆ మాట ఆమె నోట ఆ ఇల్లు ఎన్నడూ వినలేదు. కేతకి విస్తరి వేసి, ముందు అమ్మకు పెట్టింది.

రాజు మాత్రం కదలడు.

"నాన్నగారూ, మీరు?"

"రాజులకు అప్పులేమిటి!"

"నాన్నగారూ!"

"రేపు చూద్దాం." పంజరంలో చిలక ఇంకాస్త ఉబ్బింది.

మూడోసారి కేతకి అడగలేదు. రాణి లేచింది. అడుగుల చప్పుడు వినబడేలా నడిచొచ్చి భర్త పక్కన కూర్చుంది. "ఆ రోజు నా నోరు మూశారు. ఇవాళ మీది మీరే తెరవండి" అంది.

రాజు కిరీటం తీసి నేలమీద పెట్టాడు. "లేదు... ధాన్యం లేదు. బంగారం లేదు. పదేళ్ళుగా లేదు. ప్రతి విందూ అప్పే."

ఇంటికప్పు కూలలేదు. పిడుగు పడలేదు. గోడమీద బల్లి కూడా పలకలేదు. ఇన్నేళ్ళూ భయపడింది ఈ మాటకా?

చిలక అంది: "తిన్న విందులు తిరిగిరావు. పండించి కొలవాలి. ఆఖరి గింజ ముట్టిన రోజు నిద్ర వదులుతాను."

అప్పుడు రాణి ఇంటి తాళాలు చేతికి తీసుకుంది. మూడు గాదెలు కట్టించింది. ఒకటి విత్తనానికి, ఒకటి తిండికి, ఒకటి అప్పుకి. ఒక గాదెలోది ఇంకో గాదెలో పడకూడదు. ఏనుగులను అమ్మేశారు. విందులు మానేశారు. రాజు నాగలి పట్టాడు. కొడుకులు నీళ్ళు పెట్టారు. రోజూ అన్నాల దగ్గర ఏముందో, ఏం లేదో అందరూ వినేలా చెప్పుకున్నారు. గంజి తాగిన రోజులున్నాయి. నవ్విన రోజులూ ఉన్నాయి. రాత్రుళ్ళు మాత్రం అందరూ పడుకున్నాక రాణి ఒక్కతే మేలుకుని, పిల్లల దుప్పట్లు సర్దుతూ తిరిగేది. ఆ అడుగుల చప్పుడు వింటూ కేతకి నిద్రపోయేది.

మూడో కోతలకు అప్పుగాదె ఖాళీ అయింది. ఆఖరి కుంచం జోలెలో పడగానే జోలె చిరిగింది, మాంత్రికుడు పొట్టులా గాలికి లేచిపోయాడు. చిలక రెక్కలు విప్పింది, జామచెట్టు మీద వాలి మామూలు చిలకలా పండు కొరుక్కుంది.

"అబ్బ, ఎంత నిద్రొస్తోందో" అంది రాణి. కేతకి ఒళ్ళో తల పెట్టుకుంది. మొహంలో అలసట అంతా జారిపోయింది. పదేళ్ళ పైబడిన నిద్ర, ఒక్కసారిగా వచ్చింది.

ఆమె ఇక లేవలేదు.

రాజు ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. "మొదటి ఏడే ఆ మాట అనుంటే ఒక్క రాత్రి నిద్రతో పోయేది కదే. తెల్లారి లేచి ముగ్గు వేసేదానివి కదే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఊరంతా ఏడ్చింది. చీమలు కూడా ఆ రోజు బారు కట్టలేదు.

తర్వాత రాజ్యం కేతకికి దక్కింది. పెళ్ళికొడుకులు చాలామంది వచ్చారు. అందరినీ ఒకటే అడిగింది: "మీ ఇంట్లో ఏం లేదు?" ఏదీ లేకపోవడం మాకెక్కడిదని అందరూ రొమ్ము విరుచుకున్నారు. ఉప్పుదీవి రాజకుమారుడు సారంగుడు ఒక్కడు వేళ్ళు మడిచాడు. "ఏనుగు లేదు. పడవకు కొత్త తెరచాప లేదు. అమ్మ లేదు."

"నాకూ లేదు" అంది కేతకి. అతని మెడలో దండ వేసింది.

పెళ్ళిలో ఎవరో చుట్టం విస్తరి ముందు కూర్చుని, "ఇంకో లడ్డు వెయ్యండి!" అని అరిచాడు. ముసలి మహారాజు స్వయంగా వెళ్ళి, "లేదు నాయనా, ఒక్కటే కొలత. మజ్జిగ ఉంది, పొయ్యనా?" అన్నాడు. అని, తలుపువైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

కేతకీ సారంగులు చాలా ఏళ్ళు రాజ్యం ఏలారు. మూడు గాదెలూ అలాగే ఉంచారు. ఆ ఇంట్లో ఏ తరంలోనైనా విస్తరి ముందు అమ్మకే వేసేవారు.

కథ తన దారిన సముద్రం దాటిపోయింది. మీరూ ఇళ్ళకు పొండి. వెళ్ళగానే అన్నం అడక్కండి. ముందు అమ్మ ఎక్కడుందో వెతకండి.