కుంకుడుచెట్టు వదులుకున్న తీపి

ఒకప్పుడు కుంకుడుకాయ తియ్యగా ఉండేది. నవ్వకండర్రా, నిజమే చెబుతున్నాను. ఇప్పుడు నాలిక్కి తగిలితే థూ అని ఊసేస్తారు గాని, అప్పట్లో దాని ముందు తాటిటెంకలోని తియ్యటి బుర్రగుంజు కూడా దిగదుడుపే.

కాయలు పండాయంటే చాలు, పిల్లలు కొమ్మకొకరు వేలాడేవారు. కొట్టుకునేవారు, జారిపడేవారు, మళ్లీ ఎక్కేవారు. చెట్టుకి పిల్లలంటే ప్రాణం. వాళ్లు రాని రోజున దానికి పొద్దు పోయేది కాదు.

కుంకుడుతో బట్టలుతకొచ్చని అప్పట్లో ఎవరికీ తెలీదు. ఊరి పక్క పారే గెడ్డలో నీళ్లుండేవి, గెడ్డ ఒడ్డున బండ ఉండేది. చవిటినేలలో తెల్లగా పొంగే చవుడు ఉండేది. మరీ మురికి బట్టలైతే చవుడు నీళ్లలో ముంచి, ఉబ్బకుండకెత్తి, కింద మంట పెట్టి ఆవిరి పట్టేవారు.

ఆ ఊరి బట్టలన్నీ ఉతికేది నూకాలు. పెళ్లి బట్టలు ఆమెకే, పురుటి బట్టలు ఆమెకే, చావు బట్టలూ ఆమెకే. ఏ ఇంట్లో ఏం జరిగిందో మూట విప్పితే ఆమెకి తెలిసిపోయేది. ఎన్ని చూసినా కంట తడి మాత్రం పెట్టేది కాదు. "రేవులో కూకుని ఏడిస్తే బట్టలెవరుతుకుతారు?" అనేది.

ఆ ఏడు పైడితల్లి అనే పిల్ల ఆడపిల్లని కని, పురిట్లోనే కన్నుమూసింది. ఆమె పెనిమిటి అంతకుముందే జ్వరంతో పోయాడు. ఇక ఇంట్లో మిగిలింది పైడితల్లి తల్లి సన్నెమ్మ, ఆ పసిగుడ్డు. అంతే.

సన్నెమ్మ మేకపాలు పట్టబోతే పసిగుడ్డు నోరు తెరవలేదు. గుక్కపట్టి ఒకటే ఏడుపు. ఎత్తుకున్నా ఏడుపే, ఊపినా ఏడుపే. చివరికి ఏం తోచిందో ఏమో, సన్నెమ్మ తన కూతురు కట్టి విడిచిన పాత నేతచీర తెచ్చి దాని కొంగు పిల్లకి చుట్టింది. అమ్మ వాసన తగిలింది. పిల్ల ఏడుపు మానేసి, ఉగ్గుగిన్నెలో పాలు గుటకలేసింది. చీర తీస్తే మళ్లీ ఏడుపు, మళ్లీ పాలు వద్దు.

కాని ఆ చీర మీద పురుటి నెత్తురు మరక ఉంది. మైల పోని గుడ్డ పురుడు దాటాక ఇంట్లో ఉండకూడదని ఆ ఊరి కట్టుబాటు. దాన్ని గెడ్డలో వదిలెయ్యాల్సిందే. కొంగు ఒక్కటీ చింపి దాచుకుంటానని సన్నెమ్మ బతిమాలింది. చీరంతటికీ ఒకటే మైల అన్నారు పెద్దలు.

సన్నెమ్మ చీర మడిచి నూకాలు చేతిలో పెట్టింది. "మరక పోకపోతే ఇది గెడ్డపాలు. చీర పోతే ఈ పసిగుడ్డు పాలు ముట్టదు. నా కూతురెనకే ఇదీ పోద్ది. ఇంక నీదే భారం నూకాలూ," అంది.

"సూద్దాం అత్తా," అంది నూకాలు.

రేవుకొచ్చి ముందు గెడ్డనడిగింది.

"ఇది తడిపితే పోయే మరక కాదు. ఎండి కరుచుకుపోయింది. కావాలంటే చీరతో సహా మోసుకుపోతాను," అంది గెడ్డ.

చవుణ్ణి అడిగింది. "ఓ, తినేస్తాను! మరకా తింటాను, రంగూ తింటాను, అమ్మ వాసనా తింటాను. తినడం మొదలెడితే ఆపడం నాకు చేతకాదు," అంది చవుడు.

ఉబ్బకుండ కింది నిప్పునడిగింది. "మరక కరిగిస్తాను. వాసన మాత్రం ఆవిరితో పాటు పైకి పోతుంది. మరి నీ ఇష్టం," అంది నిప్పు.

"మరక పోవాల, వాసన ఉండాల. నానడిగింది అంతే కదర్రా!" అంది నూకాలు.

ఆమె చీర ఒళ్లో పెట్టుకుని ఒడ్డునున్న కుంకుడుచెట్టు కింద చతికిలబడింది.

"ఏమే నూకాలూ, ఎప్పుడూ లేంది తల పట్టుకు కూచున్నావు?" అని చెట్టు అడిగింది. నూకాలు అంతా చెప్పింది.

చెట్టు మెల్లగా అంది. "నా కాయలో తీపీ నురగా ఒకదాన్నొకటి ముడేసుకుని ఉన్నాయి. తీపి వదిలేశానంటే నురగ పొంగుతుంది. అది మురికిని పట్టుకుంటుంది గాని నూలుని నొప్పించదు. వాసన జోలికి పోదు."

"అయితే ఇంకేటి, ఇయ్యవే తల్లీ!"

"తీపి పోతే మిగిలేది చేదు. చేదుకాయ కోసం ఏ పిల్లలొస్తారే? నా కొమ్మలు బోసిపోవూ?"

నూకాలు లేచి చీర భుజాన వేసుకుంది. "నీ పిల్లల్ని వదులుకోమని ఏ నోటితో అడగను? వద్దులే," అంది.

అప్పుడే ఊళ్లోంచి పసిగుడ్డు ఏడుపు వినబడింది. చీర ఇక్కడుందాయె, అక్కడ పిల్ల పాలు ముట్టలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేక ఆ గొంతు సన్నగా వణుకుతోంది.

"ఎవరి పిల్ల అది?" అంది చెట్టు.

"చెప్పాను కదే, పైడితల్లి కూతురని."

"మన పైడితల్లా! నా చిటారుకొమ్మ ఎక్కి, జారిపడి, 'పాడు చెట్టా' అని నన్నే తిట్టి, మళ్లీ నా కాయలే మూట కట్టుకుపోయిన ఆ పైడితల్లా!"

చెట్టు భోరుమంది. ఆకాకునా కన్నీళ్లే. ఆ కన్నీళ్లు కాయల మీద పడి లోపలికి ఇంకిపోయాయి. కాయల్లోని తీపి నేల మీదికి కారిపోయింది. నున్నటి తొక్క ముడతలు పడింది.

"తీసుకోవే. ఒక్కటే మాట. పిల్లలు నన్ను మరిచిపోకూడదు," అంది చెట్టు.

"మరిచిపోకుండా ఎట్టాగే?"

"ఆ దారి నేను చూసుకుంటాలే. నువ్వు ముందు పని చూడు."

నూకాలు కాయలు రాతితో చితక్కొట్టింది, గింజలు తీసేసింది, తొక్కలు గోరువెచ్చటి నీళ్లలో నానేసి పిసికింది. తెల్లటి నురగ చేతుల నిండా పొంగింది. చీర అందులో ముంచింది.

ఇక్కడే కొంప మునగబోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఉతకడమంటే ఆమెకి బండకేసి బాదడమే. చెయ్యి దానంతటదే లేచింది, చీర గిర్రున పైకి తిరిగింది. ఒక్క దెబ్బ పడితే ఆ పాత నూలు పేలికలైపోయేది. సరిగ్గా అప్పుడే నురగ చింది కళ్లలో పడింది.

"అమ్మో!" అంది నూకాలు. కళ్లు భగ్గుమన్నాయి. ఏమీ కనబడక, చెయ్యి దించి అక్కడే కూలబడింది.

మంటకి నీళ్లు కారాయి. ఆ నీళ్ల వెనకే అసలు ఏడుపు వచ్చింది. ఇన్నేళ్లుగా ఉతికిన చావు బట్టలన్నిటికీ, పైడితల్లికీ కలిపి నూకాలు వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే చీరని అరచేతుల మధ్య పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు మెల్లగా రుద్దింది. చూపు తేటపడేసరికి మరక లేదు. అంచు రంగు చెక్కుచెదరలేదు. చీర ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. పైడితల్లి వాసన అలాగే ఉంది.

ఎండకి ఆరేసి, పరుగున తీసుకెళ్లింది. సన్నెమ్మ పిల్లకి చీర చుట్టింది. పిల్ల ముక్కుతో కొంగంతా వెతికింది. ఏడుపు ఆపింది. పాలు గుటకేసింది.

"బతికింది నా తల్లి," అని సన్నెమ్మ నూకాలు చేతులు కళ్లకద్దుకుంది. పురుడు నాడు పెద్దలు చీర విప్పి చూసి, ఇంట్లో ఉంచుకోమన్నారు. పిల్లకి పైడితల్లి పేరే పెట్టారు.

మరుసటేడు కాయల కాలానికి పిల్లలు చెట్టు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. ఒకడు కొరికి థూ అన్నాడు. ఇంకొకడు థూ అన్నాడు. అంతే, మళ్లీ ఎవరూ రాలేదు. కొమ్మల నిండా కాయలుండి కూడా చెట్టు ఒంటరిగా నిలబడింది.

ఈలోగా ఊరి ఆడవాళ్లకి నూకాలు ద్వారా కుంకుడు సంగతి తెలిసింది. బట్టలకే కాదు, తలకీ రుద్దడం మొదలెట్టారు. చిన్న పైడితల్లికి కాస్త నడకా మాటా వచ్చాక సన్నెమ్మ కుంకుడు రసంతో తలంటింది. నురగ కంట్లో పడింది.

"పాడు కుంకుడుకాయా!" అని పిల్ల ఊరు దద్దరిల్లేలా అరిచింది. అచ్చం తల్లి గొంతే. సన్నెమ్మ దాన్ని ఒళ్లోకి లాక్కుని, పాత చీర కొంగుతో కళ్లు తుడిచి, ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

ఆ అరుపు గెడ్డ ఒడ్డుదాకా వినబడింది. చెట్టు కొమ్మలన్నీ ఒక్కసారి కదిలాయి.

అప్పటినుంచే కుంకుడుకాయ చేదు. అప్పటినుంచే దాని నురగ ఎంత పాత చీరనైనా నొప్పించకుండా మురికి తీస్తుంది. అప్పటినుంచే అది కంట్లో పడితే మంట. తలంటినప్పుడల్లా పిల్లలు దాన్ని తిట్టుకుంటారు, ఏడుస్తారు, అమ్మ ఒళ్లోనో అమ్మమ్మ ఒళ్లోనో మొహం దాచుకుంటారు. చెట్టు కోరుకున్నది అదే.